చెయ్యి రాటుదేలాలా, పిడి మారాలా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. చేతులు చిన్నవి. ఏడాదిగా వారం విడిచి వారం షూటింగ్ రేంజికి వెళ్తున్నాను. నా దగ్గర రెండున్నాయి. ఒకటి అల్యూమినియం ఫ్రేముతో వచ్చే ఐదు తూటాల .38 స్పెషల్ రివాల్వర్, ఇంకొకటి జేబులో పట్టేంత .380 పిస్టల్. తేలిగ్గా ఉంటాయనే కొన్నాను. రివాల్వర్‌తో యాభై తూటాలు కాల్చానంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ఎర్రగా కందిపోతోంది, నడిమి వేలి కణుపు కమిలిపోతోంది. మర్నాడు సీసా మూత తిప్పబోతే బొటనవేలి మొదట్లో పోటు. పిస్టల్‌తో అయితే చూపుడువేలి కొస మంటపుడుతోంది. రేంజిలో పాతకాపులు "గట్టిగా పట్టుకో, కాల్చగా కాల్చగా చెయ్యి రాటుదేలుతుంది" అంటున్నారు. ఈమధ్య నా గుళ్లు గురికి కిందుగా కూడా పడుతున్నాయి. గ్లౌజులు వేసుకోవాలా? నొప్పి మాత్ర వేసుకుని కాల్చవచ్చా? లేక ఈ రెండూ అమ్మేసుకోవడమే నయమా?

జవాబు: రాటుదేలడం అన్న మాటను ముందు పక్కన పెట్టండి. కాల్చగా కాల్చగా అరచేతి చర్మం కాస్త మందమవుతుందేమో గానీ, దాని కిందున్న నరాలూ కీళ్లూ మందం కావు. దెబ్బ మీద దెబ్బ పడేకొద్దీ అవి ఇంకా త్వరగా నొప్పి పెడతాయి. మీ చేతిలో బలం లేక వచ్చిన నొప్పి కాదిది, తుపాకీలో బరువు లేక వచ్చింది. జేబులో మోసేటప్పుడు సుఖమనిపించే తేలికదనమే కాల్చేటప్పుడు చేతిమీద పడుతోంది.

ఎంత తేడా ఉంటుందో ఒక్కసారి లెక్క చూద్దాం, తర్వాత లెక్కల జోలికి పోను. బుల్లెట్ ఎంత ఊపుతో ముందుకు పోతుందో తుపాకీ అంతే ఊపుతో వెనక్కి వస్తుంది. మందు కాలి గొట్టంలోంచి ఎగజిమ్మే వాయువుల ఊపు దానికి అదనం. .38 స్పెషల్‌లో బాగా వాడుకలో ఉన్న 158 గ్రెయిన్ల బుల్లెట్ బరువు పది గ్రాముల పైచిలుకు. రెండంగుళాల గొట్టం నుంచి అది సెకనుకు 210 మీటర్ల వేగంతో పోతుందనుకుందాం. కిలో బరువున్న ఉక్కు రివాల్వర్‌లో దాన్ని కాలిస్తే తుపాకీ వెనక్కి తన్నే శక్తి 3 జౌళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. స్మిత్ అండ్ వెస్సన్ 642 లాంటి అల్యూమినియం ఫ్రేము రివాల్వర్ బరువు సుమారు 410 గ్రాములే. అదే తూటా అందులో వేస్తే 7 జౌళ్లు. తుపాకీ వెనక్కొచ్చే వేగం కూడా సెకనుకు రెండున్నర మీటర్ల దగ్గర్నుంచి ఆరుకు ఎగబాకుతుంది. అదే కంపెనీ 340పీడీ ఇంకా తేలిక, 340 గ్రాములు కూడా ఉండదు. అందులో .38 స్పెషల్ కన్నా చాలా బలమైన .357 మాగ్నమ్ తూటాను నిండు మందుతో కాలిస్తే 25 జౌళ్లు దాటిపోతుంది. అలాంటిదాన్ని ఒకసారి కాల్చి చూసి, రెండోసారికి పక్కవాడి చేతికి ఇచ్చేసేవాళ్లే ఎక్కువ.

బరువు తగ్గితే తన్ను పెరుగుతుందని అందరికీ తెలుసు. ఆ తన్ను చేతికి ఏ దారిన చేరుతుందన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. పెద్ద తుపాకీ పిడి అరచేతి నిండా ఆనుతుంది కాబట్టి తన్ను అంతటా పంచుకుపోతుంది. చిన్నదానికి ఆ వీలు లేదు. పిడి వెనక అంచు వేలెడు వెడల్పు కూడా ఉండదు, చిటికెన వేలికి చోటే ఉండదు, మొత్తం దెబ్బ రెండు మూడు చోట్లే దిగుతుంది. అందులోనూ తుపాకీకీ చేతికీ మధ్య ఖాళీ ఉన్నచోట ఇంకా గట్టిగా దిగుతుంది. భుజానికి ఆనించి కాల్చిన రైఫిల్ నెడుతుంది, అంగుళం ఎడంగా పట్టుకుని కాల్చిన రైఫిల్ గుద్దుతుంది. పిడి దగ్గరా జరిగేది అదే. మీరు చెప్పిన నొప్పుల్లో మూడింటికి ఈ ఖాళీలే కారణమని నా అనుమానం. కాబట్టి పట్టు బిగించడం తర్వాత. ఖాళీలు ఎక్కడున్నాయో ముందు వెతకాలి.

ఈసారి రేంజికి వెళ్లినప్పుడు ఒకటి చేయండి. ఐదు తూటాలు కాల్చాక రివాల్వర్ ఖాళీ చేసి, కింద పెట్టి, వెంటనే మీ చెయ్యి చూసుకోండి. పిడి ఆనినచోట పలచటి ఎరుపు పరుచుకుని కనిపిస్తే సమస్య లేదు. ఒకేచోట గీతలాగానో బిళ్లలాగానో చిక్కటి ఎరుపు కనిపిస్తే దెబ్బ అక్కడ దిగుతోందని అర్థం. ఇంకో గుర్తు కూడా ఉంది. గుండుకీ గుండుకీ మధ్య పిడిని చేతిలో సర్దుకోవాల్సి వస్తోందా? వస్తోందంటే పేలిన ప్రతిసారీ తుపాకీ చేతిలో కదిలిపోతోందన్నమాట. కదిలేది గీరుతుంది, గీరినచోట కందుతుంది.

ముందు బొటనవేలి సందు సంగతి. చిన్న రివాల్వర్లతో వచ్చే చాలా పిడుల్లో పక్కలకే చెక్కో రబ్బరో ఉంటుంది, వెనకవైపు ఫ్రేము లోహం బయటికే ఉంటుంది. ఆ లోహం నేరుగా మీ సందులో తగులుతోంది. వెనక అంచును కూడా కప్పే రబ్బరు పిడి వేస్తే ఈ నొప్పి సగానికి సగం అక్కడే పోతుంది. హోగ్, ప్యాక్‌మేయర్ లాంటి కంపెనీలు ఇవే తయారుచేస్తాయి. మీరు పెట్టగల ఖర్చుల్లో అన్నిటికన్నా ముందు దీనికే పెట్టమంటాను.

దాంతోపాటు చేతిని పైకి జరపండి. కొత్తవాళ్లు చాలామంది పిడి మధ్యలో పట్టుకుంటారు, చూడ్డానికి అదే సహజంగా ఉంటుంది మరి. అలా పట్టుకుంటే గొట్టం చేతికన్నా చాలా పైన ఉండిపోతుంది. పేలగానే మూతి పైకి లేచి, పిడి వెనక్కి తిరుగుతూ వచ్చి సందులో పొడుస్తుంది. రివాల్వర్‌లో ఫ్రేము వెనక పైభాగాన ఒక వంపు ఉంటుంది. సందు ఆ వంపు కిందికి బిగుతుగా చేరాలి, మధ్యలో కాగితం కూడా దూరకూడదు. తూటాను పేల్చే సుత్తి బయటికి కనిపించే రివాల్వర్ అయితే చర్మం దాని దారిలోకి రాకుండా చూసుకోండి. పిస్టల్‌కీ ఇదే సూత్రం, కాకపోతే స్లైడు (పేలగానే వెనక్కి జారే పైభాగం) వచ్చే దారిలో చర్మం ఉండకూడదు. వాల్తర్ పీపీకే లాంటి పాత నమూనాలు కండ ఎక్కువున్న చేతిని పైకి పట్టుకుంటే బొటనవేలి మీద రెండు గీతలు గీసి వదిలిపెడతాయి. మీవి చిన్న చేతులు కాబట్టి ఆ భయం తక్కువే.

ఇక నడిమి వేలు. ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు వంకీ) వెనక, పిడి మొదలయ్యేచోట, చిన్న రివాల్వర్లలో ఒక ఖాళీ ఉంటుంది. ఖాళీ రివాల్వర్‌ను పక్కనుంచి చూస్తే వెంటనే కనిపిస్తుంది. మీ నడిమి వేలు గార్డుకు కొంచెం దిగువన నిలబడుతోంది. పేలగానే గార్డు ఆ కాస్త దూరం వచ్చి కణుపు మీద కొడుతోంది. దీనికి మందు రెండు రకాలు. ఆ ఖాళీని నింపే ఆకారంలో ఉన్న పిడి వేసుకోవడం ఒకటి. పాతరోజుల్లో షూటర్లు చెక్కపిడి మార్చకుండా అక్కడ టైలర్ టీ గ్రిప్ అనే చిన్న లోహపు ముక్కను బిగించుకునేవారు. రెండోది పైసా ఖర్చు లేనిది. నడిమి వేలిని గార్డు అడుక్కి ముందే నొక్కిపెట్టి పట్టుకోవడం. ముందే ఆనుకుని ఉన్నది వచ్చి కొట్టలేదు, నెట్టగలదు అంతే. కమిలిన కణుపు మానేదాకా దాని మీద రెండు చుట్లు గుడ్డ ప్లాస్టరు వేసుకోండి. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు, పోటీల్లో కాల్చేవాళ్లూ వేసుకుంటారు.

బొటనవేలి మొదట్లో పోటు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. మీరు రాసినవాటిలో నన్ను ఆలోచనలో పడేసింది ఇదొక్కటే. చిన్న చేతులవాళ్లకు ట్రిగ్గర్ అందకపోతే ఏం చేస్తారంటే, తెలియకుండానే చేతిని పిడి చుట్టూ కాస్త తిప్పేస్తారు. చూపుడువేలు ట్రిగ్గర్‌కు అందుతుంది, కానీ పిడి వెనక అంచు సందులోంచి జరిగి బొటనవేలి మొదటి కీలు మీదికి వచ్చేస్తుంది. ఇక ప్రతి గుండు తన్నూ ముంజేతి ఎముకల్లోకి పోకుండా ఆ కీలుకే తగులుతుంది. యాభై దాటినవాళ్లలో బొటనవేలి మొదటి కీలు అరిగి ఉండటం మామూలే, ఆడవాళ్లలో మరీనూ. అరిగిన కీలు మీద వారం విడిచి వారం యాభై దెబ్బలంటే సీసా మూత తిరగకపోవడంలో వింతేముంది?

సరిచూసుకోవడం తేలిక. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ప్రమాదం లేని దిక్కుకు మూతి తిప్పి, కాల్చే చేత్తోనే పట్టుకుని పైనుంచి చూడండి. గొట్టమూ ముంజెయ్యీ దాదాపు ఒకే గీతలో ఉండాలి. మణికట్టు దగ్గర గీత విరిగి కనిపిస్తే చెయ్యి తిరిగిపోయిందన్నట్టే. సరిచేసి పట్టుకుంటే ట్రిగ్గర్ అందదేమోనని భయపడకండి. ఇలాంటి రివాల్వర్లలో ట్రిగ్గర్ బరువు, లాగే దూరం ఎక్కువ. వేలి కొసతోనే లాగాలన్న నియమాన్ని ఇక్కడ పట్టుకు వేలాడక్కర్లేదు, మొదటి కణుపు గీత దగ్గర ఆనించి లాగినా గుండు తిన్నగానే పోతుంది.

చిక్కేమిటంటే, సందును కాపాడే ఆ మందపాటి రబ్బరు పిడే ట్రిగ్గర్‌ను చేతికి ఇంకా దూరం చేస్తుంది. పెద్ద చేతులవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. మీకు వస్తుంది. కాబట్టి బొద్దుగా, మెత్తగా ఉన్నది చూసి మురిసిపోకండి. వెనక పలచటి పొర, ముందు ఖాళీని నింపే ఆకారం, చిటికెన వేలు కూడా ఆనేంత పొడవు, ఈ మూడూ ఉన్నదాన్ని వెతకండి. పొడవు పెరిగితే జేబులో దాచడం కష్టమవుతుంది, నిజమే. సాధనకు పొడుగు పిడి, మిగతా వేళల్లో పొట్టిది వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఒక్క స్క్రూ విప్పి బిగించే పని కదా. నాకు మాత్రం రెండు పిడులతో రెండు రకాల పట్టు అలవాటు చేసుకోవడం నచ్చదు. పొడుగుదే ఉంచేసుకోమంటాను.

"గట్టిగా పట్టుకో" అన్న పాతకాపుల మాటలో సగం నిజం లేకపోలేదు. వదులుగా పట్టుకుంటే తుపాకీ చేతిలో ఎగురుతుంది, పిస్టల్ అయితే తూటా ఇరుక్కుని ఆగిపోవచ్చు కూడా. అయితే గట్టిగా అంటే ఎంత? రెండు చేతులతో చెయ్యి వణికేదాకా బిగించండి, వణుకు ఆగేదాకా కొంచెం సడలించండి. మీ మోతాదు అది. అందులోనూ ఎక్కువ బిగువు కాల్చని చేతిది కావాలి. కాల్చే చెయ్యే అంతా బిగిస్తే చూపుడువేలు కూడా బిర్రబిగిసిపోయి ట్రిగ్గర్ సాఫీగా రాదు. రెండో చెయ్యి వేళ్లను మొదటి చేతి వేళ్ల మీద, గార్డు కిందికి ఎక్కించి, పిడి మీద మిగిలిన ఖాళీలోకి దాని అరచేతి మడమను నింపండి. ఇక్కడా అదే సూత్రం, ఖాళీ మిగలకూడదు. మణికట్లు బిగువుగా, మోచేతులు కాస్త వంచి ఉంచండి. బల్ల ముందు కూర్చుని మోచేతులూ మణికట్లూ దాని మీద ఆనించి కాల్చే అలవాటుంటే, చిన్న తుపాకీతో మానుకోండి. నిలబడి కాల్చినప్పుడు ఒళ్లంతా కొంచెం కొంచెం పుచ్చుకునే తన్నును బల్ల మీద చెయ్యి ఒక్కటే భరించాలి.

పిస్టల్ అలవాటు రివాల్వర్‌కు తెచ్చుకోకూడనిచోటు ఒకటుంది. పిస్టల్‌లో రెండు బొటనవేళ్లనూ ముందుకు చాపి ఉంచడం ఇప్పుడు అందరికీ అలవాటు. రివాల్వర్‌లో తూటాలు పట్టే, గుండ్రంగా తిరిగే సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది, పేలినప్పుడల్లా అందులోంచి మండే వాయువులు పక్కలకు చిమ్ముతాయి. ముందుకు చాపిన బొటనవేలు అక్కడికి చేరితే నొప్పితో పోదు, చర్మం తెగుతుంది, కాలుతుంది. రివాల్వర్ పట్టుకున్నప్పుడు బొటనవేళ్లను కిందికి మడిచి ఒకదాని మీద ఒకటి వేయండి. ఇక పిస్టల్‌లో రెండో చేతి బొటనవేలిని ఎప్పుడూ స్లైడు వెనక అడ్డంగా వేయవద్దు.

చూపుడువేలి కొస మంటకు కారణం వేరు. జేబు పిస్టళ్లలో గార్డు ఇరుకు, ట్రిగ్గర్ పొడుగ్గా లాగాలి. వేలు ట్రిగ్గర్ కింది కొసకు జారిపోయి గార్డు లోపలి అంచుకు రాసుకుంటూ వెళ్తుంది, పేలినప్పుడు ఆ రెండింటి మధ్యా నలుగుతుంది. చెయ్యి పైకి జరిపితే వేలు కూడా ట్రిగ్గర్ మధ్యకు లేస్తుంది, చాలామందికి అంతటితో సరిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే ట్రిగ్గర్ అంచు పదునుగా ఉందేమో చూపించుకుని తుపాకులు బాగుచేసే నిపుణుడితో నున్న చేయించండి. ఆకురాయి పట్టుకుని మీరే మొదలుపెట్టకండి. పిడి దిగువన చిటికెన వేలు గాల్లో వేలాడుతోందా? మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల పెట్టె) అడుగున చిన్న మెట్టులా ముందుకొచ్చే పలక దొరుకుతుంది, అది వేస్తే ఆ వేలికీ పని దొరుకుతుంది. సైకిల్ ట్యూబు ముక్క కోసి పిడికి తొడిగే పాత చిట్కా ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. అయితే పిడి వెనక నొక్కితే తప్ప పేలని సేఫ్టీ ఉన్న పిస్టల్‌కు మాత్రం దాన్ని తొడగవద్దు.

.380 అంటే చిన్న తూటా, మెత్తగా ఉంటుందని నమ్మి కొన్నవాళ్లలో మీరు మొదటివారు కారు. తూటా చిన్నదే, కానీ రూగర్ ఎల్‌సీపీ లాంటివి 270 గ్రాములే ఉంటాయి. తన్ను మళ్లీ 7 జౌళ్ల దగ్గరికే వస్తుంది, మీ రివాల్వర్‌కు ఏమీ తీసిపోదు. పాత తరహాలో స్లైడు బరువూ స్ప్రింగూ తప్ప తాళం లేని పిస్టళ్లు ఇంకో రకం. వాటిలో స్లైడు ఒక్కసారిగా వెనక్కి వస్తుంది కాబట్టి, బరువు రెట్టింపు ఉన్నా తన్ను చురుక్కుమంటుంది. గొట్టమూ స్లైడూ కాసేపు కలిసి ప్రయాణించి విడిపోయే రకాల్లో అదే తూటా కొంచెం నిదానంగా తోస్తుంది. ఇంకోటి కొనేటప్పుడు తూటా సైజుతో పాటు ఇది కూడా అడగండి.

తూటాల విషయంలో మీకు చేతికందే ఊరట ఒకటుంది. రివాల్వర్‌కు 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ అనే రకం వాడి చూడండి. లక్ష్యం కాగితం మీద శుభ్రంగా గుండ్రటి రంధ్రం పడాలని చేసిన తూటా అది, మందు తక్కువ. పైన వేసిన లెక్కలో 7 జౌళ్లు దీంతో 5 దగ్గరికి దిగుతుంది, చేతికి ఆ తేడా బాగా తెలుస్తుంది. పెట్టె మీద ప్లస్ పి అని ఉన్నవి ఎక్కువ ఒత్తిడి తూటాలు, సాధనకు వాటితో పనిలేదు. రివాల్వర్‌లో మందు తక్కువైనా యంత్రానికి ఇబ్బంది లేదు, సిలిండర్‌ను తిప్పేది మీ వేలే. పిస్టల్‌కు మాత్రం స్లైడును పూర్తిగా వెనక్కి నెట్టేంత తన్ను కావాలి, మరీ మెత్తటి తూటాలు అందులో ఇరుక్కుంటాయి. .357 రివాల్వర్ ఉన్నవాళ్లు అందులో .38 స్పెషల్ కాల్చుకోవచ్చు. అతి తేలిక రివాల్వర్లకు తన్ను చేసే ఇంకో తుంటరి పని ఉంది. ఇంకా పేలని తూటాల్లోంచి బుల్లెట్లు ముందుకు జారి సిలిండర్ తిరగకుండా పట్టేస్తాయి. 340పీడీ గొట్టం మీద 120 గ్రెయిన్లకు తక్కువ మాగ్నమ్ బుల్లెట్ వాడవద్దని చెక్కి ఉండటానికి కారణం వేరు, తేలిక బుల్లెట్ల మాగ్నమ్ తూటాలు దాని టైటానియం సిలిండర్‌ను త్వరగా తినేస్తాయి. తుపాకీ మీద ఏదైనా రాసి ఉంటే, దాంతో వచ్చిన పుస్తకంలో దాని అర్థం చూశాకే తూటాలు కొనండి.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటి. యాభై తూటాలు ఎందుకు? పెట్టెలో యాభై ఉంటాయి కాబట్టి, అంతే కదా. చేతికి ఆ లెక్క తెలియదు. చిన్న తుపాకీతో నేర్చుకునేదంతా మొదటి ఇరవై, ముప్పై గుళ్లలోనే అయిపోతుంది. ఆ తర్వాత నేర్చుకునేది భయపడటమే. మీ గుళ్లు కిందికి పోవడానికి కారణం కూడా బహుశా ఇదే. పేలబోతుందని చేతికి ముందే తెలిసిపోయి, తన్నును అడ్డుకోవడానికి మూతిని కిందికి తోస్తోంది. షూటర్లు దీన్ని ఫ్లించ్ అంటారు. నొప్పి నాలుగు రోజుల్లో పోతుంది, ఫ్లించ్ నెలల తరబడి ఉండిపోతుంది. నాకు మీ కమిలిన కణుపు కన్నా దీని గురించే ఎక్కువ బెంగ.

ఉందో లేదో తేల్చుకోవడం కష్టం కాదు. తోడు వచ్చినవారిని మీకు కనపడకుండా సిలిండర్‌లో మూడు నిజం తూటాలు, రెండు డమ్మీలు కలిపి వేసి ఇవ్వమనండి. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ టిక్కుమంటుంది, ఏమీ పేలదు. అప్పుడు మూతి కదలకుండా ఉందా, గబుక్కున కిందికి వంగిందా? వంగితే ఆ రోజుకు .38 పక్కన పెట్టేయండి. అలాంటి రోజుల కోసమే అదే పరిమాణంలో, అదే పట్టుతో వచ్చే .22 రివాల్వర్లున్నాయి. వాటి తన్ను ఒక జౌలుకు అటూ ఇటూ, చేతికి తెలియనే తెలియదు. అలాంటిది ఒకటి సంపాదించగలిగితే, లేదా రేంజిలో అద్దెకు దొరికితే, సాధనలో ఎక్కువ భాగం దాంతో చేయండి. చెయ్యి తాజాగా ఉన్నప్పుడే ముందుగా .38తో మూడు నాలుగు విడతలు కాల్చేసి, మిగతా సమయమంతా .22కి ఇవ్వండి. చివరి గుండు మెత్తగా ముగిస్తే చెయ్యి ఆ జ్ఞాపకంతో ఇంటికి పోతుంది.

తూటాలు లేకుండా ఇంట్లో ట్రిగ్గర్ లాగే సాధన దీనికి మంచి తోడు. తూటాలు వేరే గదిలో ఉండాలి. తుపాకీ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి, మూతి గట్టి గోడవైపు ఉండాలి. డమ్మీ తూటాలు వేసుకుంటే యంత్రానికీ మంచిది. .22 తుపాకీని మాత్రం దాని పుస్తకం ఒప్పుకుంటే తప్ప ఖాళీగా పేల్చకండి, లోపలి ముక్కలు దెబ్బతినవచ్చు.

గ్లౌజుల గురించి అడిగారు. వేసుకోండి, తప్పేం లేదు. సందు దగ్గర, అరచేతిలో పలచటి మెత్త ఉండి, చూపుడువేలి కొస తెరిచి ఉండేవి చూసుకోండి. చూపుడువేలి మీద దళసరి గుడ్డ ఉంటే ట్రిగ్గర్ ఎక్కడుందో తెలియదు, అది నొప్పి కన్నా పెద్ద ప్రమాదం. అయితే గ్లౌజులు పిడికి బదులు కావు. పిడి సరిచేయకుండా గ్లౌజులే తొడిగితే చర్మం కందదు గానీ బొటనవేలి కీలుకు తగిలే దెబ్బ అలాగే తగులుతుంది. చెవులకు కూడా రెండు పొరలు వేసి చూడండి, లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు. పొట్టి గొట్టం చప్పుడు చాలా కటువు, ఆ చప్పుడుకు ఒళ్లు ఉలిక్కిపడి తన్ను ఉన్నదానికన్నా పెద్దదిగా అనిపిస్తుంది.

నొప్పి మాత్ర ముందుగా వేసుకుని కాల్చడం మాత్రం వద్దే వద్దు. ఎక్కడ ఆపాలో చెప్పేది ఆ నొప్పే. కాల్చిన తర్వాత వాపు ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టండి, రెండు మూడు రోజులు చేతికి బరువు పని తగ్గించండి. మీకు ఇప్పటికే బొటనవేలి మొదట్లో పోటు ఉంది కాబట్టి, అది పూర్తిగా తగ్గేదాకా రివాల్వర్ ముట్టుకోకండి. వారం పదిరోజులు విశ్రాంతి ఇచ్చినా సీసా మూత తిప్పేటప్పుడు ఆ పోటు వస్తుంటే ఎముకల డాక్టరుకు చూపించుకుని, కాల్చే అలవాటుందని దాచకుండా చెప్పండి. బొటనవేలు, వేళ్ల కొసలు తిమ్మిరెక్కడం, సూదులతో గుచ్చినట్టు ఉండటం, రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారడం, పట్టు తప్పి వస్తువులు జారిపోవడం లాంటివి ఉంటే వారం కూడా ఆగవద్దు. అది నరానికి సంబంధించిన వ్యవహారం.

పిడికిట్లో రబ్బరు బంతి నొక్కే వ్యాయామం అందరూ చెప్తారు. దానికి జోడీగా వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తెరిచే వ్యాయామం కూడా చేయండి, ముంజేతి పైవైపు కండరాలకు అది కావాలి. పట్టు అలసిపోకుండా ఇవి సాయపడతాయి. నొప్పి ఉన్నప్పుడు మాత్రం ఇవీ వద్దు.

చివరగా, అమ్మేయాలా అన్నారు. రివాల్వర్‌ను అమ్మకండి. పిడి మార్చి, వాడ్‌కట్టర్లతో విడతకు ఐదు చొప్పున నాలుగు విడతలకు మించకుండా ఓ రెండు నెలలు కాల్చి చూడండి. అప్పటికీ బొటనవేలు ఒప్పుకోకపోతే, అదే సైజులో ఉక్కు ఫ్రేముతో వచ్చేదానికి మారండి. స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 60 లాంటివి 600 గ్రాముల దాకా ఉంటాయి, ఆ అదనపు రెండు వందల గ్రాములు మీ చెయ్యి పడే బాధలో మూడో వంతు మోసేస్తాయి. జేబు పిస్టల్ విషయంలో నాకంత ఆశ లేదు. దానికి మార్చగలిగే పిడి ఉండదు, చిన్న చేతిలో కూడా అది చిన్నదే. అమ్మి, కాస్త బరువూ చిటికెన వేలికి చోటూ ఉన్నది తీసుకుంటే మీరు బాధపడరనుకుంటాను. కొత్తది కొనేముందు రేంజిలో అద్దెకు తీసుకుని ఓ ఇరవై గుళ్లు కాల్చి చూడండి. దుకాణంలో చేతికి తీసుకున్నప్పుడు ఏ తుపాకీ అయినా ముద్దుగానే ఉంటుంది.

రబ్బరు పిడి కొనేటప్పుడు మీ రివాల్వర్ ఫ్రేము సైజుతో పాటు అది రౌండ్ బట్టా (పిడి దగ్గర ఫ్రేము అడుగు గుండ్రంగా ఉండేదా), స్క్వేర్ బట్టా (చదరంగా ఉండేదా) అన్నది చూసుకుని అడగండి, ఒకదానిది ఇంకొకదానికి సరిగ్గా కూర్చోదు. బిగించాక ఐదు డమ్మీ తూటాలు వేసి, సిలిండర్ తెరిచి, కడ్డీ నొక్కి బయటికి తోసి చూడండి. ఎడమవైపు రబ్బరు అంచు తగిలి ఒక డమ్మీ లోపలే ఆగిపోతే ఆ పిడి మీ రివాల్వర్‌ది కాదు, మార్పించుకోండి.